శరణార్థి – చట్టంలో లేని మాట

ఇల్లూ వాకిలీ విడిచి, ప్రాణభయంతో పరాయి గడ్డకు వచ్చి చేరినవానికి తెలుగులో రెండు పేర్లున్నవి. ఒకటి శరణార్థి, రెండవది కాందిశీకుడు. మొదటి మాటకు అర్థం అందరికీ తెలిసినదే. రెండవ మాట పుట్టుక మరింత ఆలోచింపజేస్తుంది. సంస్కృతంలో ‘కాం దిశమ్’ అంటే ‘ఏ దిక్కునకు’ అని. ఏ దిక్కునకు పోవలెనో తోచక పరుగెత్తేవాడు కాందిశీకుడు. ప్రశ్న నుండి పుట్టిన పేరు ఇది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ఎదురుగా నిలిచిన ఊరు, ఆ ఊరిని ఏలే ప్రభుత్వం.

కోస్తా జిల్లాల పాతతరంవారు ఈ మాటను ఎక్కువగా బర్మా నుండి వచ్చినవారిని గురించి వాడేవారు. యానాం పొరుగుననున్న కోరంగి రేవు నుండి ఓడలెక్కి రంగూను పోయిన తెలుగు కూలీలను అక్కడ ‘కొరంగీలు’ అనే పిలిచేవారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించిన తరువాత లక్షల సంఖ్యలో భారతీయులు ఆ దేశం విడిచి బయలుదేరారు. ఓడలో చోటు దొరకనివారు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలో ఆకలికీ, జ్వరాలకూ రాలిపోయినవారు వేలమంది. మళ్ళీ 1960లలో, బర్మా సైనిక ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసినప్పుడు, మరొక విడత వలస వచ్చినది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ నిలిచి ఉన్నది.

అయితే చట్టం దృష్టిలో వారి పరిస్థితి ఒక విధంగా సులభమైనది. వారు ఈ గడ్డకు చెందినవారు. స్వదేశానికి తిరిగి వచ్చినవారు. వారిని రానీయవచ్చునా, కూడదా అన్న సందేహం ఏ అధికారికీ కలుగలేదు. చిక్కు వచ్చేది ఈ దేశానికి చెందని మనిషి ప్రాణం దక్కించుకొనడానికి ఈ దేశపు ఒడ్డున దిగినప్పుడు. అప్పుడు అతనిని కాపాడే చట్టం ఏది?

సమాధానం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. అటువంటి చట్టం భారతదేశంలో లేదు.

విదేశీయుడు అన్న ఒక్క గాడి

రెండవ ప్రపంచయుద్ధం తరువాత, 1951లో, ప్రపంచ దేశాలు శరణార్థుల విషయమై ఒక ఒప్పందం చేసుకొన్నవి. 1967లో దానికి ఒక అనుబంధం చేర్చారు. ఎవరిని శరణార్థి అనవలెనో అందులో నిర్వచించారు. దానిలోని 33వ అధికరణం ప్రాణం వంటిది: ఏ దేశంలో మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్నదో ఆ దేశానికే అతనిని బలవంతాన తిప్పి పంపరాదు. భారతదేశం ఈ ఒప్పందంపై గాని, అనుబంధంపై గాని సంతకం చేయలేదు. దేశంలోపల కూడా శరణార్థుల కోసం ప్రత్యేక శాసనం చేయలేదు. 1990లలో మాజీ ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి పెద్దరికంలో ఒక నమూనా చట్టం తయారయినది. అది నమూనాగానే మిగిలిపోయినది.

శాసనం లేనందున జరిగేదేమంటే, అధికారి చేతిలో ఉండే గాడి ఒక్కటే. 1946 నాటి విదేశీయుల చట్టం ప్రకారం పౌరుడు కానివాడు ఎవడైనా విదేశీయుడే. విహారయాత్రకు వచ్చినవాడూ, వీసా గడువు దాటినా తిరుగుతున్నవాడూ, అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకొని పడవ దిగినవాడూ ఆ చట్టం కంటికి ఒక్కటే. 2025 సెప్టెంబరు 1 నుండి ఆ పాత చట్టం స్థానంలో ‘వలసలు, విదేశీయుల చట్టం, 2025’ అమలులోకి వచ్చినది. దానితోపాటు 1920 నాటి పాస్‌పోర్టు ప్రవేశ చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం కూడా రద్దయినవి. నాలుగు పాత చట్టాలు పోయి ఒకటి వచ్చినా, అందులోనూ శరణార్థి ఎవరో చెప్పే నిర్వచనం లేదు.

అలాగని ఈ దేశం శరణు కోరినవారిని తరిమివేసినదని అనడం అన్యాయం. 1959 తరువాత వచ్చిన టిబెటన్లకు కర్ణాటకలోని బైలకుప్పెలో భూములిచ్చారు. ఆంధ్ర సరిహద్దుకు చేరువగా, ఒడిశాలోని నేటి గజపతి జిల్లా చంద్రగిరిలో మరొక స్థావరం 1963లో ఏర్పడినది. తూర్పు బెంగాలు నుండి వచ్చినవారిని దండకారణ్య పథకం క్రింద మల్కన్‌గిరి ప్రాంతంలో నిలిపారు. 1983 నుండి వచ్చిన శ్రీలంక తమిళులకు తమిళనాడు శిబిరాలు తెరచినది. ఇవన్నీ ప్రభుత్వాల దయ, రాజకీయ నిర్ణయం, కార్యాలయపు ఉత్తర్వు. దయను తక్కువ చేయనక్కరలేదు. కాని ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోగలదు. ఆ సంగతి 1992లో తెలిసినది.

చదువరాని భాషలో సమ్మతి

చెన్నై నుండి నెల్లూరు పోయే రహదారిపై, తడకు ఇవతల, గుమ్మిడిపూండి వద్ద శ్రీలంక తమిళుల శిబిరం ఉన్నది. ఆ చుట్టుపట్ల గ్రామాలలో తెలుగు ఇళ్ళు తక్కువేమీ కావు. పనికీ, సంతకూ, బడికీ శిబిరంవారూ ఊరివారూ కలుస్తూనే ఉంటారు. ఇటువంటి శిబిరాలు తమిళనాడు అంతటా నూటికి పైగా ఉన్నవి. 1983 జూలైలో కొలంబోలోనూ ఇతర చోట్లనూ తమిళులపై జరిగిన హింస తరువాత పడవలు రావడం మొదలయినది. 2009లో యుద్ధం ముగిసేదాకా విడతలు విడతలుగా వచ్చినవారి సంఖ్య మూడు లక్షలు దాటినది. 2021 నాటికి శిబిరాలలో ఉన్నవారు సుమారు 58 వేలు, శిబిరాల వెలుపల పోలీసుల వద్ద నమోదై ఉన్నవారు సుమారు 34 వేలు. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం శరణార్థి శిబిరం అన్న పేరు తీసివేసి పునరావాస శిబిరం అని మార్చినది.

1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినది. హత్య చేసినది పులుల సంస్థ. కాని అనుమానపు నీడ శిబిరాలలోని ప్రతి గుడిసె మీదా పడినది. 1992 జనవరిలో శరణార్థులను తిరిగి శ్రీలంకకు పంపడం ఆరంభమయినది. ప్రభుత్వం చెప్పినది ఏమంటే, ఎవరినీ బలవంతం చేయడం లేదు, ఇష్టపడినవారినే పంపుతున్నాము, అందుకు సాక్ష్యంగా ప్రతివారి వద్దా సమ్మతి పత్రం తీసుకొంటున్నాము అని. ఆ పత్రాలు ఆంగ్లంలో ఉన్నవి. సంతకం పెట్టవలసినవారు తమిళం తప్ప మరొక భాష ఎరుగని జాలరులు, వ్యవసాయకూలీలు, వితంతువులు.

సరిహద్దు గ్రామాలవారికి ఈ దృశ్యాన్ని వివరించనక్కరలేదు. తనకు రాని లిపిలో రాసిన కాగితం క్రింద నిశానీ వేయడమంటే ఏమిటో వారికి తెలుసును. భూమి పత్రమైనా, బ్యాంకు అప్పు కాగితమైనా, ‘ఇక్కడ వేలు పెట్టు’ అన్న మాట తప్ప అందులో ఏమున్నదో తెలియదు. పొలం విషయంలో అయితే నష్టం ఎకరాలలో ఉంటుంది. ఇక్కడ నష్టం, యుద్ధం నడుస్తున్న దేశానికి పిల్లలతో సహా తిరిగి పోవడం. తిరిగి పోయేందుకు ఒప్పుకొనకపోతే రేషను ఆగునేమో అన్న భయంతో పెట్టిన వేలిముద్ర, చదివి ఒప్పుకొని చేసిన సంతకం ఒకటి కాగలవా?

ఈ ప్రశ్ననే పి. నెడుమారన్, డాక్టర్ ఎస్. రామదాసు మద్రాసు హైకోర్టు ముందు పెట్టారు. ఇద్దరూ తమిళనాడు రాజకీయ నాయకులు; శరణార్థులు తామై కోర్టుకు రాగల స్థితిలో లేనందున వారి తరఫున పిటిషన్ వేశారు. హైకోర్టు కొంతకాలం పంపివేతను నిలిపివేసినది. సమ్మతి పత్రం తమిళంలో ఉండవలెనన్న విషయం, అది నిజంగా ఇష్టపూర్వకమా కాదా అని స్వతంత్రులెవరైనా చూడవలెనన్న విషయం ఈ వ్యాజ్యం వల్ల పైకి వచ్చినవి. 1992లోనే ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ సంస్థ చెన్నైలో కార్యాలయం తెరచి, తిరిగి పోయేవారిని అడిగి తెలుసుకొనే ఏర్పాటు జరిగినది. ఆపైన హైకోర్టు, అటువంటి ప్రపంచ సంస్థ పరిశీలిస్తున్నప్పుడు సమ్మతి నిజమైనదా కాదా అన్నది తాము మళ్ళీ విచారించనక్కరలేదని భావించినది. ఇది పిటిషనర్లకు పూర్తి విజయమూ కాదు, ఓటమీ కాదు. శిబిరంలో ఉన్నవానికి మాత్రం వాస్తవంగా ఒక మేలు జరిగినది: నీకు ఇష్టమేనా అని, పోలీసు కాని మనిషి అడిగే అవకాశం ఏర్పడినది.

శిబిరాలలో పని చేసిన సంస్థలలో 1984లో శరణార్థులే స్థాపించుకొన్న ‘ఈళ శరణార్థుల పునరావాస సంస్థ’ను చెప్పుకొనవలెను. దానికి ఆద్యుడు ఎస్.సి. చంద్రహాసన్. ఆయన శ్రీలంక తమిళ నాయకుడు చెల్వనాయగం కుమారుడు, వృత్తిరీత్యా న్యాయవాది. చదువు, వైద్యంతోపాటు జనన నమోదు వంటి కాగితాల పనిని కూడా ఆ సంస్థ పట్టించుకొన్నది. కోర్టులో వాదన పేరు తెచ్చిపెడుతుంది గాని, వాదనకు ముందు కావలసిన కాగితం ఇటువంటి చోటనే తయారవుతుంది.

‘పౌరుడు’ కాదు, ‘వ్యక్తి’

చట్టమే లేనప్పుడు న్యాయవాది దేనిని పట్టుకొని వాదిస్తాడు? రాజ్యాంగంలోని ఒక చిన్న మాటను పట్టుకొని.

రాజ్యాంగం హక్కులు చెప్పేటప్పుడు రెండు మాటలు వాడినది. వాక్‌స్వాతంత్ర్యం, దేశంలో ఎక్కడైనా తిరిగే హక్కు, ఎక్కడైనా నివసించే హక్కు చెప్పే 19వ అధికరణంలో ‘పౌరులు’ అన్నది. చట్టం ముందు సమానత్వం చెప్పే 14వ అధికరణంలోనూ, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ చెప్పే 21వ అధికరణంలోనూ ‘వ్యక్తి’ అన్నది. వ్యక్తి అంటే మనిషి. పౌరుడైనా కాకపోయినా మనిషే. శరణార్థుల తరఫున ఈ దేశంలో జరిగిన వాదనలన్నీ దాదాపు ఈ ఒక్క పదం మీద నిలబడినవే.

దానికి పెద్ద ఉదాహరణ చక్మాల వ్యాజ్యం. నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండలలో కప్తాయి ఆనకట్ట కట్టినప్పుడు చక్మా గిరిజనుల భూములు మునిగిపోయినవి. 1964 ప్రాంతంలో వారు, వారితోపాటు హాజోంగులు భారతదేశంలోకి వచ్చారు. ప్రభుత్వమే వారిని నేటి అరుణాచల్ ప్రదేశ్‌లో నిలిపినది. మూడు దశాబ్దాల తరువాత వారి సంఖ్య సుమారు 65 వేలయినది. స్థానిక విద్యార్థి సంఘం ఒకటి 1995 సెప్టెంబరు 30 లోగా రాష్ట్రం విడిచి పోవలెనని వారికి గడువు పెట్టినది. బెదిరింపులు మొదలయినవి. అక్కడి గిరిజనులకు తమ భూమి, తమ సంఖ్యాబలం పోతుందన్న భయం ఉన్నదన్న మాట కూడా నిజమే. ఆ భయాన్ని ఢిల్లీ సరిగా వినలేదన్న ఫిర్యాదు వారిది.

1993లో ఏర్పడిన జాతీయ మానవ హక్కుల సంఘం అప్పుడు అసాధారణమైన పని చేసినది. ఫిర్యాదు విని ఉత్తరాలు రాయడంతో ఆగక, తానే పిటిషనరుగా సుప్రీంకోర్టు మెట్లెక్కినది. 1996 జనవరి 9న ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎం. అహ్మదీ నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పినది. పౌరుడైనా కాకున్నా ప్రతి మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ రాజ్యం బాధ్యత వహించవలెననీ, గడువులు పెట్టి మనుషులను వెళ్ళగొట్టే హక్కు ఏ గుంపుకూ లేదనీ, అవసరమైతే అదనపు బలగాలు తెప్పించి అయినా వారిని కాపాడవలెననీ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది.

ఆ తీర్పులో మరొక భాగమున్నది. దానిని గురించి తక్కువ మాట్లాడుకొంటారు. చక్మాలు పౌరసత్వం కోసం దరఖాస్తులు పెట్టుకొన్నారు. అటువంటి దరఖాస్తుపై నిర్ణయం తీసుకొనవలసినది కేంద్ర ప్రభుత్వం. కలెక్టరు చేయవలసినది పరిశీలించి పైకి పంపడం. ఆ దరఖాస్తులు జిల్లా కార్యాలయం బల్ల దాటి పోలేదు. కాదనిన అధికారి లేడు, ఔననిన అధికారి లేడు. ఆ కాగితాలను కేంద్రానికి పంపితీరవలెననీ, నిర్ణయం వెలువడేదాకా ఎవరినీ ఇళ్ళనుండి ఖాళీ చేయించరాదనీ కోర్టు ఆదేశించినది. అంతటితో పని అయిపోయినదా? కాలేదు. పంతొమ్మిదేళ్ళ తరువాత, 2015 సెప్టెంబరులో, అదే విషయమై సుప్రీంకోర్టు మళ్ళీ తీర్పు చెప్పవలసి వచ్చినది. తీర్పు వేరు, దాని అమలు వేరు.

‘వ్యక్తి’ అన్న మాటకు హద్దు కూడా ఉన్నది. 1991లో లూయీ డీ రెడ్ అనే బెల్జియం దేశీయుని వ్యాజ్యంలో, విదేశీయునికి 21వ అధికరణపు రక్షణ ఉన్నదిగాని, ఈ దేశంలో స్థిరంగా నివసించే హక్కు లేదనీ, ఆ హక్కు 19వ అధికరణం క్రింద పౌరులకే చెందినదనీ సుప్రీంకోర్టు చెప్పినది. అంటే, ఇక్కడ ఉన్నంతవరకు నీ ప్రాణానికి రక్షణ ఉన్నది. ఉండిపోవడానికి హక్కు లేదు. ఈ రెండు వాక్యాల మధ్యనున్న సన్నని గట్టు మీదనే శరణార్థి బ్రతుకు నడుస్తున్నది. మరి పంపివేస్తే ప్రాణం పోయే చోట ఏమి చేయవలెను? గుజరాత్ హైకోర్టు 1998లో ఇద్దరు ఇరాకీయుల వ్యాజ్యంలో, ప్రాణాపాయమున్న చోటికి తిప్పి పంపకూడదన్న సూత్రం 21వ అధికరణంలోనే ఇమిడి ఉన్నదని భావించినది. 2021 మేలో మణిపూర్ హైకోర్టు, మయన్మార్ సైనిక తిరుగుబాటు తరువాత పారిపోయి వచ్చిన ఏడుగురికి, ఢిల్లీ పోయి ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తమ మొర చెప్పుకొనే వీలు కల్పించినది. ఆ పిటిషన్ వేసినది మానవ హక్కుల న్యాయవాది నందితా హక్సర్.

అయితే దానికి నెలరోజుల ముందే, 2021 ఏప్రిల్ 8న, జమ్మూలో నిర్బంధంలో ఉన్న రోహింగ్యాల విషయంలో సుప్రీంకోర్టు వేరు దారి పట్టినది. వారిని విడుదల చేయుమని ఆదేశించలేదు. విధివిధానాలు పాటించకుండా పంపవద్దని మాత్రం చెప్పినది. 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తవి గాని, దేశం నుండి పంపివేయబడకుండా ఉండే హక్కు నివాస హక్కుకు అనుబంధమనీ, అది పౌరులదేననీ ఆ ఉత్తర్వు సారాంశం. హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలోని రోహింగ్యా కుటుంబాల భవిష్యత్తు కూడా ఇటువంటి వాక్యాల మీదనే ఆధారపడి ఉన్నది. 2025 మేలో ఒక శ్రీలంక తమిళుని పిటిషన్‌ను విచారిస్తూ సుప్రీంకోర్టు ధర్మాసనం, ప్రపంచంలోని శరణార్థులందరికీ చోటివ్వడానికి భారతదేశం ధర్మశాల కాదన్న అర్థం వచ్చే వ్యాఖ్య చేసినది. విచారణలో నోటిమాటగా వచ్చిన వ్యాఖ్యకు తీర్పుతో సమానమైన బలం లేదు. అయినా శిబిరంలో కూర్చొని పత్రిక చదివేవానికి ఆ తేడా ఎవరు చెబుతారు?

తాతలు ఇక్కడివారే

శ్రీలంక నుండి వచ్చినవారందరూ ఒకే చరిత్ర కలవారు కారు. జాఫ్నా, మన్నారు, ట్రింకోమలీ ప్రాంతాలలో తరతరాలుగా ఉన్నవారు ఒకరు. తెల్లదొరల కాలంలో కాఫీ, తేయాకు తోటల పనికి దక్షిణాది జిల్లాల నుండి తీసుకుపోబడిన కూలీల సంతతి మరొకరు. వీరిలో అత్యధికులు తమిళులే. సిలోను స్వతంత్రమయిన వెంటనే చేసిన 1948 నాటి చట్టం ఈ తోటకూలీలను ఏ దేశపు పౌరులూ కానివారిగా మిగిల్చినది.

1964లో లాల్‌బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకొన్నారు. 5,25,000 మందిని భారతదేశం తీసుకొనవలెను, 3,00,000 మందికి సిలోను పౌరసత్వం ఇవ్వవలెను. మిగిలిన 1,50,000 మందిని 1974లో సగం సగంగా పంచుకొన్నారు. మనుషులను ధాన్యపు బస్తాల వలె లెక్కకట్టి పంచుకొన్న ఒప్పందమిది అని నాడే కొందరు బాధపడ్డారు. ఈ ఒప్పందం క్రింద కాగితాలతో ఓడ దిగినవారు స్వదేశీయులుగా గుర్తింపు పొందారు. కాని 1983 తరువాత అల్లర్లలో ఇల్లు తగులబడి, కాగితాలు లేకుండా పడవలో వచ్చిన తోటకూలీల బిడ్డలు మాత్రం శిబిరాలలో విదేశీయులయ్యారు. ఒకే తోట, ఒకే లైను ఇళ్ళు. ఓడలో వచ్చిన అన్న పౌరుడు, పడవలో వచ్చిన తమ్ముడు విదేశీయుడు. తిరుచ్చి ప్రాంతపు శిబిరాలలోని 65 మంది ఈ వాదనతోనే కోర్టుకు పోయారు. 2019 జూన్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం వారి భారతీయ మూలాన్ని గుర్తించి, వారు మళ్ళీ దరఖాస్తు పెట్టుకొనవచ్చుననీ, వాటిని కలెక్టరు కేంద్రానికి పంపవలెననీ చెప్పినది. అరుణాచల్‌లో చెప్పిన మాటనే తిరుచ్చిలోనూ చెప్పవలసి వచ్చినది.

ఇక పిల్లల సంగతి. ఇది సరిహద్దు కుటుంబాలు శ్రద్ధగా చూడవలసిన భాగం. 1955 నాటి పౌరసత్వ చట్టం 3వ సెక్షను ప్రకారం 1950 జనవరి 26 నుండి 1987 జూన్ 30 దాకా ఈ గడ్డమీద పుట్టిన బిడ్డ, స్వల్పమైన మినహాయింపులు పోగా, తల్లిదండ్రులెవరైనా పుట్టుకతో భారత పౌరుడే. 1987 జూలై 1 తరువాత పుట్టినవారికి తల్లిదండ్రులలో ఒకరు పౌరులై ఉండవలెను. 2004 డిసెంబరు 3 నుండి నియమం మరింత బిగిసినది: తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండవలెను, లేదా ఒకరు పౌరులై రెండవవారు ‘అక్రమ వలసదారు’ కాకుండా ఉండవలెను. సరైన పాస్‌పోర్టు, ప్రయాణ పత్రాలు లేకుండా దేశంలోకి వచ్చినవారు ఈ చట్టం భాషలో అక్రమ వలసదారులే. పడవలో ప్రాణాలు దక్కించుకొని వచ్చినవారిలో ఎందరి చేతిలో పాస్‌పోర్టు ఉండును?

మొదటి గడువులోపల పుట్టినవారు ఈ సెక్షనును ఆధారం చేసుకొని గెలిచారు. ఇక్కడ పుట్టిన ఒక టిబెటను యువతికి అనుకూలంగా 2010లో ఢిల్లీ హైకోర్టు తీర్పునిచ్చినది. తమిళనాడు శిబిరంలో 1987కు ముందు పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు ఇవ్వవలెనని 2022లో మద్రాసు హైకోర్టు ఆదేశించినది. ఆమె చేతిలో జనన ధ్రువపత్రం ఉన్నది. దానిమీది తేదీయే ఆమె కేసు. అదే శిబిరంలో, అదే మంత్రసాని చేతిలో, 1987 జూలైలో పుట్టిన బిడ్డకు ఆ వాదన లేదు.

ఇక ఊరి పిల్లకు శిబిరపు పిల్లవానితో పెళ్ళి జరిగినదనుకొందాము. ఇది ఊహ మాత్రమే అయినా, పక్కపక్కన బ్రతికేచోట అసంభవం కాదు. తల్లి భారత పౌరురాలు, బిడ్డ పుట్టినది ప్రభుత్వాసుపత్రిలో, చదివేది ఊరి బడిలో. అయినా 2004 డిసెంబరు 3 తరువాత పుట్టిన ఆ బిడ్డ పౌరసత్వం, తండ్రి ఏ కాగితంతో వచ్చాడన్న ప్రశ్న మీద ఆధారపడుతుంది. పెళ్ళిచూపుల నాడు కులం, గోత్రం, భూమి అన్నీ విచారించే పెద్దలకు ఈ సంగతి విచారించవలెనన్న ఊహే రాదు. పెళ్ళి మానుకొనుమని దీని అర్థం కాదు. కాగితాల విషయంలో ముందే న్యాయవాది సలహా తీసుకొనుట మేలు.

2019 నాటి పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుండి 2014 డిసెంబరు 31 లోగా వచ్చిన ఆరు మతాలవారికి మాత్రమే వర్తిస్తుంది. శ్రీలంక ఆ జాబితాలో లేదు. 2025లో క్రొత్త విదేశీయుల చట్టంతోపాటు వెలువడిన మినహాయింపు ఉత్తర్వులో మాత్రం శ్రీలంక తమిళుల ప్రస్తావన ఉన్నది. 2015 జనవరి 9 లోగా వచ్చి ఆశ్రయం పొంది, ప్రభుత్వం వద్ద నమోదయినవారికి పాస్‌పోర్టు, వీసా లేనందుకు శిక్ష ఉండదు. దీనిని చూచి పౌరసత్వం వచ్చినదని కొందరు సంబరపడ్డారు. అది పొరపాటు. ఉత్తర్వు తీసివేసినది శిక్షను; ఇచ్చినది పౌరసత్వాన్ని కాదు. అయినా జైలు భయం పోవడం చిన్న విషయమేమీ కాదు.

సహాయం దొరికే చోటు

హైకోర్టు అనగానే ఖర్చు గుర్తుకు వచ్చి వెనుకకు తగ్గేవారే ఎక్కువ. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయముంటుంది. తాలూకా స్థాయిలోనూ కమిటీలున్నవి. ఆ చట్టం 12వ సెక్షనులో ఉచిత సహాయానికి అర్హులను చెప్పేటప్పుడు వాడిన మాట కూడా ‘వ్యక్తి’ యే, ‘పౌరుడు’ కాదు. స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి, జాతి హింసకు గురైనవారికి ఆదాయంతో పని లేకుండా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. 15100 అన్న నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చును.

పోయేటప్పుడు తీసుకుపోవలసినవి కొన్ని ఉన్నవి. శిబిరపు గుర్తింపు కార్డు, మొదటి నమోదు తేదీ ఉన్న పత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, బడి రిజిస్టరు నకలు, తాత ముత్తాతల ఊరిపేరు ఉన్న పాత కాగితం ఏదైనా, తోట యజమాని ఇచ్చిన చీటీ అయినా సరే. వీటిలో ముఖ్యమైనది జనన ధ్రువపత్రం. ఇంటివద్ద కాన్పు జరిగి నమోదు కాకపోతే, ఏడాది దాటిన తరువాత అధికారి ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు చేయించుకొనే వీలు చట్టంలో ఉన్నది. పేరు తమిళంలో ఒక విధంగా, తెలుగులో ఒక విధంగా, ఆంగ్లంలో మరొక విధంగా పడి ఉంటే ముందు దానిని సరిచేయించుకొనవలెను. ‘ముత్తయ్య’, ‘ముత్తయ్యా’, ‘ముత్తయ’ ముగ్గురు మనుషులని వాదించిన కార్యాలయాలు లేకపోలేదు. తాలూకా కార్యాలయంలో సంతకం పెట్టేముందు, ఆ పత్రం తనకు తెలిసిన భాషలో చదివి వినిపించుమని అడగడంలో తప్పు లేదు. చదివి వినిపించినవారి పేరు కూడా ఆ పత్రం అడుగున రాయించుకొనవచ్చును.